రైలొస్తే ఆరిపోయే దీపం

సిగ్నల్ రమణగారి మేడమీద గదిలో ఒక రైల్వే స్టేషను ఉండేది. నిడదవోలులో అంత పెద్ద జంక్షను ఉండగా ఆయన మేడమీద ఇంకో స్టేషను దేనికని మీరడగవచ్చు. ఆయన భార్య మాణిక్యాంబగారు కూడా అదే అడిగారు. పాత పట్టెమంచం చెక్కలు కలిపి బల్ల చేసి, దానిమీద రంపప్పొట్టు జల్లి, పచ్చరంగు పూసి వరిచేలు చేసి, పగిలిన అద్దం ముక్కతో కాలవ పారించి, ఆ కాలవ ఒడ్డున అగ్గిపెట్టెల అట్టతో పెంకుటి స్టేషను కట్టుకుంటున్న మనిషికి అలాంటి ప్రశ్నలు చెవికెక్కుతాయా!

వేంకటరమణగారు ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరుగా చేశారు. అంటే సిగ్నళ్ళ దీపాలూ, తీగలూ, మీటలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం ఆయన పని. రిటైరైన మరుసటేడు, అంటే తొంభైతొమ్మిదిలో, విశాఖపట్నంలో మేనల్లుడి గృహప్రవేశానికి వెళ్ళారు. అక్కడ ఓడల నుంచి దింపిన పాత సామాన్లు అమ్మే కొట్టులో ఒక అట్టపెట్టె కంటబడింది. అందులో బొమ్మ ఇంజను, నాలుగు పెట్టెలు, పట్టాలు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు, చిటికెనవేలంత ఎత్తున ప్లాట్‌ఫారం దీపాలు ఆరు, రెక్కా, పచ్చదీపమూ ఉన్న సిగ్నల్ స్తంభం ఒకటి. ఏ దేశపు ఓడలో ఏ కెప్టెను ఆడుకున్నాడో ఏమో! గృహప్రవేశం భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా, ఆ పెట్టెని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని రైల్లో ఇంటికి తెచ్చుకున్నారు.

ఇంజను బాగానే పరిగెత్తింది. చిక్కల్లా దీపాలతోనే వచ్చింది. ఒక్కొక్క దీపం నుంచి వెంట్రుకంత సన్నని తీగ వచ్చి, చివర ఇత్తడి పిన్నుతో ముగుస్తోంది. ఆ పిన్నులు దూరాల్సిన సాకెట్ల పట్టీ మాత్రం పెట్టెలో లేదు. పెళ్ళికొడుకులందరూ దిగారు, పెళ్ళికూతుళ్ళు ఓడలోనే ఉండిపోయారు. పిన్నులు కోసేసి తీగకి తీగ మెలేసి టేపు చుట్టేస్తే గంటలో తేలిపోయే పనే. కానీ అలా చెయ్యడం రమణగారి దృష్టిలో మహాపాపం. దీపమన్నాక రేపు మాడుతుంది, తీసి ఇంకోటి పెట్టుకునే వీలుండాలి. అదీ ఆయన పట్టుదల.

ఆ పిన్ను ఒకటి జేబులో వేసుకుని గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళారు. మెయిన్ రోడ్డులో దొరబాబు అని, రేడియో సామాన్లు అమ్మే ఆయన ఉన్నాడు. దొరబాబు కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, పిన్నుని వెలుగులో పెట్టి చూశాడు.

“రెండున్నర మిల్లీమీటర్లుంటుందండి. ఇది దేనికండి?”

“ప్లాట్‌ఫారం లైటుకండి.”

“ప్లాట్‌ఫారం లైటుకి ఇంత చిన్న పిన్నేంటండి?”

“ప్లాట్‌ఫారం కూడా చిన్నదేనండి,” అన్నారు రమణగారు సీరియస్‌గా.

దొరబాబు డబ్బాలన్నీ బోర్లించాడు. రేడియో ఏరియల్‌ సాకెట్టులో పిన్ను బావిలో పడ్డ గరిటలా ఊగింది. టేప్‌రికార్డరు సాకెట్టులో అసలు దూరనే లేదు. చివరికి ట్రాన్సిస్టరుకి చెవిలో పెట్టుకునే వైరు గుచ్చే సాకెట్టు ఒకటి దగ్గరగా వచ్చింది గానీ, అదీ కాస్త వదులే.

“ఏం పర్లేదండి. ఓ కొబ్బరి ఈనె ముక్క దోపండి. బిగుసుకుని కూర్చుంటుంది,” అన్నాడు దొరబాబు.

రమణగారు నవ్వి తలూపారు. మన డెల్టాలో ఈనెతో బిగవని వదులంటూ ఉందా? గోడలో ప్లగ్గు వదులైతే ఈనె, గొడ్డలి పిడి వదులైతే ఈనె, ఇంటి తలుపు గడియ వదులైతే ఈనె. చీపురు నుంచి ఒకటి లాగి, విరిచి, దోపి, ఆ సంగతి మర్చిపోతాం. దోపినట్టు కూడా గుర్తుండదు.

ఇంతకీ ఆయన కట్టుకున్నది ఏ స్టేషనో చెప్పలేదు కదూ. నిడదవోలు లైన్లోనే, చేల మధ్య, కాలవ పక్కన ఒక చిన్న స్టేషను. పేరు దేనికిలెండి. ఆ స్టేషను క్వార్టర్సులో ఆయన తొమ్మిదేళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం భోంచేసి మేడమీద నడుం వాల్చితే, ఆ చెక్క బల్లకీ ఆయన కలకీ మధ్య గోడ ఉండేది కాదు. తాను అంగుళమంత మనిషై ఆ ప్లాట్‌ఫారం మీద నడుస్తుండేవారు. రంపప్పొట్టు చేలు గాలికి ఊగేవి. అద్దం కాలవలో పడవలు వెళ్ళేవి. దూరంగా కూత వినిపించేది, ఒక పొడుగు, రెండు పొట్టి. అది వినపడగానే మెలకువ వచ్చేసి, గుండె బరువుగా ఉండేది.

ఆ కూత పోతురాజుది.

పోతురాజు మెయిలు బళ్ళ డ్రైవరు. అంతర్వేది దగ్గర సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, వల వదిలి ఇంజనెక్కినవాడు. ఆ చిన్న స్టేషన్లో అతని బండి ఆగేది కాదు. అయినా క్వార్టర్సు దాటుతున్నప్పుడు ఒక పొడుగు, రెండు పొట్టి కూత వేసేవాడు. “మీ తమ్ముడొచ్చాడు,” అనేవారు మాణిక్యాంబగారు. సెలవురోజైతే మనిషే వచ్చి అరుగుమీద కూచుని మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఇద్దరూ కలిసి నిడదవోలులో ఎదురెదురుగా రెండు స్థలాలు కొనుక్కున్నారు. స్నేహం పోయింది. స్థలాలెక్కడికి పోతాయి? ఇళ్ళు ఎదురెదురుగానే లేచాయి. మధ్యలో పన్నెండడుగుల సందు, పదహారేళ్ళ మౌనం.

జరిగింది ఇదీ. ఎనభైమూడులో, వానాకాలం, ఒకనాడు మునిమాపువేళ. సిగ్నల్ రెక్క వాలి, పచ్చదీపం వెలుగుతుంటే బండి ముందుకు రావచ్చు. చీకటిపడే వేళ దీపం కనపడకపోతే మాత్రం, రెక్క ఎలా ఉన్నా సరే, డ్రైవరు బండి ఆపి తీరాలి. అది రూలు. పోతురాజు ఆ రోజు ఆ చిన్న స్టేషను సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. నలభై నిమిషాలు లైనంతా స్తంభించిపోయింది. స్టేషను నుంచి మనుషులు లాంతర్లు పట్టుకుని పరిగెత్తి వచ్చి చూస్తే, దీపం పచ్చగా, నిక్షేపంలా వెలుగుతోంది.

“ఆరిందండి. నేను చూశాను. బండి దగ్గరికొస్తుంటే ఆరిపోయింది. ఆగాక మళ్ళీ వెలిగింది,” అన్నాడు పోతురాజు విచారణలో.

అందరూ నవ్వారు. రైలొస్తే ఆరి, రైలాగితే వెలిగే దీపం ఎక్కడైనా ఉంటుందా? సముద్రం ఒడ్డువాడు కదా, పుచ్చుకునే ఉంటాడన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. అతను కల్లు కూడా మానేసి అప్పటికి ఆరేళ్ళని ఎవరికీ గుర్తు రాలేదు. దీపం బాధ్యత ఎవరిదని అడిగితే రమణగారు లేచి నిలబడి, “నేను స్వయంగా పరీక్షించానండి. వెలుగుతోంది,” అన్నారు. అది నిజమే. అబద్ధం ఆడే మనిషి కాదాయన. పోతురాజుని మెయిలు బళ్ళ మీద నుంచి తీసేసి యార్డులో పెట్టెలు అటూ ఇటూ తోసే పనిలో వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే. ఆ కూత మళ్ళీ వినపడలేదు.

అంతకన్నా బాధపెట్టేది ఇంకోటుంది. రమణగారి మేడమీది కిటికీలోంచి పోతురాజు గుమ్మం కనపడుతుంది. సాయంత్రం పోతురాజు ఎక్కడికెళ్ళి వచ్చినా సరే, గడప దగ్గర ఆగుతాడు. భార్య మరిడమ్మ లోపల్నుంచి వచ్చి అతని మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూస్తుంది. అప్పుడు పక్కకి తప్పుకుంటుంది. అప్పుడతను లోపలికెళతాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు రోజూ జరిగిపోతుంది. ఊరు నమ్మకపోతే మనిషి ఊరు మారి బతుకుతాడు. ఇల్లే నమ్మకపోతే ఏ ఊరు వెళతాడు? రమణగారు అది చూసినప్పుడల్లా కిటికీ మూసేసుకునేవారు. నేనేం తప్పు చేశానని? ఉన్నదేగా చెప్పాను? అలా తనకి తానే చెప్పుకుని, మళ్ళీ అట్ట స్టేషనుకి జిగురు రాసుకునేవారు.

రాజమండ్రి నుంచి తెచ్చిన సాకెట్టు ఒక్కటే. దాన్ని ముందు సిగ్నల్ దీపానికే పెట్టారు. పిన్ను గుచ్చి, చీపురు ఈనె గోరంత విరిచి పక్కన దోపారు. స్విచ్చి వేస్తే పచ్చదీపం వెలిగింది. ఆవగింజంత దీపం. బయట పొద్దు వాలింది, వాన వచ్చేలా ఉంది, గదంతా నీళ్ళలో మునిగినట్టు నీలంగా ఉంది. ఆ నీలంలో ఆ ఆకుపచ్చ చుక్క చూసి ఆయన ఒళ్ళు పులకరించింది. రైలు వదిలారు.

రైలు అద్దం కాలవ పక్కన మలుపు తిరిగి సిగ్నల్ దగ్గరికి వస్తోంది. దీపం ఆరిపోయింది.

బల్బు పోయిందేమో అనుకుని రైలు ఆపారు. దీపం వెలిగింది. మళ్ళీ వదిలారు. దగ్గరికి రాగానే ఆరింది. ఆపారు. వెలిగింది.

మూడోసారి వదల్లేదు. చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది. రైలు నడిస్తే మంచం చెక్క సన్నగా వణుకుతుంది. చెక్క వణికితే ఈనె కదులుతుంది. ఈనె కదిలితే పిన్ను అంటుకోదు. రైలాగితే అన్నీ మళ్ళీ కుదురుకుంటాయి. ఆ స్టేషను దగ్గర నేల నల్లమట్టి. వానాకాలంలో మెయిలు వస్తుంటే క్వార్టర్సులో గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. ఆయన కళ్ళ ముందు ఎనభైమూడు నాటి సిగ్నల్ స్తంభం లేచి నిలబడింది. నూనెదీపాలు తీసేసి కరెంటు బల్బులు పెట్టిన కొత్త. దీపంలో ఒక కనెక్షను వదులైంది. కొత్తది పంపమని రాస్తే రాలేదు. నిచ్చెన మీద నిలబడి, పళ్ళ మధ్య పట్టుకున్న ఈనెని విరిచి దోపిన తన చేతివేళ్ళు ఆయనకి స్పష్టంగా కనపడ్డాయి. దోపాక పరీక్షించారు. వెలుగుతోంది. విచారణలో ఈనె సంగతి ఎవరూ అడగలేదు. ఆయన దాచలేదు కూడా. అది చెప్పాల్సిన సంగతని ఆయనకి తోచనే లేదు. తలుపు గడియకి దోపినట్టు దోపారు, మర్చిపోయారు.

“దేవుడా,” అన్నారు రమణగారు పైకే. నేలమీద కూలబడ్డారు.

అలా ఎంతసేపు కూచున్నారో, మాణిక్యాంబగారు చేతిలో ఏదో దాచుకుని, సంబరంగా మేడెక్కి వచ్చారు.

“చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రాజమండ్రి దాకా దేనికండీ వెళ్ళడం? చెయ్యి చాపండి,” అన్నారు.

దూదిలో చుట్టిన ఏడు వెండి గొట్టాలు. వడ్లగింజంత ఉన్నాయి ఒక్కొక్కటీ. వీధి చివర కంసాలి చిట్టియ్య చేత చేయించారట. విరిగిన కాలిపట్టీ ఇచ్చి, ఈయన చూడకుండా ఒక దీపం కూడా పట్టుకెళ్ళి, కొలత చూపించారట.

“చెవిదిద్దుకి వెనకాల శీల బిగించే గొట్టం ఉండదూ, అలాంటిదేనటండీ. చిట్టియ్య చూసీ చూడగానే ‘ఇంతేనా అమ్మా’ అన్నాడు. వెండిలో కరెంటు బాగా పారుతుందన్నారుగా మీరే ఒకసారి.”

రమణగారు ఒక పిన్ను తీసి గొట్టంలో పెట్టారు. సన్నగా టిక్కుమని కూర్చుంది. ఊపినా కదల్లేదు. పుట్టినప్పటి నుంచి ఆ పిన్ను దీనికోసమే ఉన్నట్టుంది. నెల్లాళ్ళుగా ఆయన వెతుకుతున్నది అరచేతిలో ఉంది. ఆరు ప్లాట్‌ఫారం దీపాలకీ ఆరు గొట్టాలు బిగించారు. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే మాణిక్యాంబగారు చంటిపిల్లలా చప్పట్లు కొట్టారు. అగ్గిపెట్టెల స్టేషను మీద పసుపుపచ్చని వెలుగు పరుచుకుంది.

ఏడో గొట్టం ఆయన గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఆ ఈనె తీసేసి ఇది పెట్టేస్తే చాలు. దీపం ఇంక ఎప్పుడూ ఆరదు. ఎవరికీ ఏమీ తెలియదు. పదహారేళ్ళు గడిచాయి, మిగిలినవీ గడుస్తాయి.

“అదీ పెట్టండి మరి,” అన్నారు మాణిక్యాంబగారు.

ఆయన పెట్టలేదు. రైలు వదిలి, దీపం ఆరడం చూపించి, ఆపి, వెలగడం చూపించి, ఈనె సంగతి చెప్పారు. మాణిక్యాంబగారు వంగి ఆ పచ్చచుక్క కేసి చూశారు.

“పదహారేళ్ళండీ,” అన్నారు. కళ్ళు తుడుచుకుని, “నేను వెళ్ళి పిలవనా?” అన్నారు.

“వద్దు. నేనే వెళ్ళాలి.”

పన్నెండడుగుల సందు దాటడానికి ఆయనకి మర్నాటి సాయంత్రం దాకా పట్టింది. పోతురాజు అరుగుమీద కూచుని పాత వల ఒకటి అల్లుకుంటున్నాడు. తలెత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

“పోతురాజూ,” అన్నారు రమణగారు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. “ఆ రోజు దీపం ఆరింది.”

వల అల్లే చెయ్యి ఆగింది.

“ఇప్పుడు తెలిసిందాండి?” అన్నాడు పోతురాజు. గొంతులో కోపం లేదు. అదే రమణగారిని కోసింది.

“ఇప్పుడే తెలిసింది. పైకి రా. చూపిస్తాను.”

పోతురాజు మేడెక్కాడు. మోకాళ్ళమీద కూచుని, ఇంజను కిటికీలోంచి చూసే మనిషిలా తల పట్టాల ఎత్తుకి దించి చూశాడు. చేలు, కాలవ, పెంకుటి స్టేషను, పచ్చదీపం. రమణగారు రైలు వదిలారు. అది మలుపు తిరిగింది. దీపం ఆరిపోయింది. పోతురాజు చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, లేని బ్రేకుని పట్టి లాగింది. రమణగారు ఆపారు. దీపం వెలిగింది.

“ఇంతేనండి. ఇలాగేనండి,” అన్నాడు పోతురాజు. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ మళ్ళీ తిప్పించుకున్నాడు. ప్రతిసారీ ఆరినప్పుడు తల ఊపుతున్నాడు.

“తప్పు నాది, పోతురాజూ. ఆఫీసుకి రాస్తాను. సంతకం పెట్టి రాస్తాను.”

“ఆఫీసుకి దేనికండి? ఆ ఫైలు చెదలు తినేసి ఉంటాయి.” పోతురాజు లేచాడు. “కాసేపు ఇలాగే ఉంచండి. ఏం ముట్టుకోకండి. మా ఇంటిదాన్ని పిలుచుకొస్తాను.”

మరిడమ్మ తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. బొమ్మరైలు చూడ్డానికి పొయ్యి మీద కూర వదిలేసి రమ్మంటాడేంటని విసుక్కుంటూనే వచ్చింది. రమణగారు ఆమెకి రూలు చెప్పారు, జరిగింది చెప్పారు, రైలు వదిలారు. దీపం ఆరింది. రైలాగింది. దీపం వెలిగింది.

కింద వీధిలో సైకిల్ బెల్లు వినపడింది.

“ఇంకోసారి తిప్పండి, అన్నయ్యగారూ,” అంది మరిడమ్మ.

రెండోసారి చూసి, ఈనె ముక్క మీద వేలు పెట్టి, “దీని మూలానా?” అంది.

“దీని మూలాన కాదమ్మా. నా మూలాన.”

ఆమె తిట్టినా బాగుండేది. రమణగారు ఈనె లాగేసి ఏడో వెండి గొట్టం బిగించారు. పారెయ్యబోతున్న ఆ ఈనెకి మరిడమ్మ చెయ్యి చాపింది. తీసుకుని, చెంగున పెట్టి, గట్టిగా ముడి వేసుకుంది.

ఈసారి రైలు మలుపు తిరిగి, సిగ్నల్ దాటి, దీపాలు వెలుగుతున్న ప్లాట్‌ఫారం దాటి వెళ్ళిపోయింది. పచ్చదీపం రెప్ప వాల్చలేదు.

“దీనికి కూత లేదేంటండి?” అన్నాడు పోతురాజు. తర్వాత తనే రెండు అరచేతులూ నోటి దగ్గర దోసిలి పట్టి వేశాడు. ఒక పొడుగు, రెండు పొట్టి. మాణిక్యాంబగారు మజ్జిగ కోసం గబగబా కిందికి దిగిపోయారు.

వాళ్ళు వెళుతుంటే రమణగారు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఈసారి మూసుకోలేదు. సందులో మసక చీకటి పడింది. మరిడమ్మ ముందు నడిచి, చెంగు ముడి చేత్తో పట్టుకుని, గడప దాటి లోపలికెళ్ళింది. పోతురాజు గడప దగ్గర ఆగిపోయాడు. అలవాటు చొప్పున మొహం కాస్త ముందుకి వంచి నిలబడ్డాడు.

మరిడమ్మ వెనక్కి తిరిగి అతన్ని చూసింది.

“ఏంటయ్యా అక్కడే నిలబడిపోయావు?” అంది. “నీ ఇల్లేగా. లోపలికి రా.”